పార్కులో పిట్టలు చూద్దాం రండి: నెల్లూరు కుటుంబాలకు ఒక సమగ్ర మార్గదర్శి

మేం మొదటిసారి పిట్టల్ని చూడ్డానికి బయల్దేరింది ఒక ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి. దోసెలు తిని, తీరిగ్గా స్నానాలు చేసి, పిల్లకాయలకు చిప్స్ ప్యాకెట్లు కొనిచ్చి పార్కుకు పోయాం. గంటసేపు చుట్టూ తిరిగితే కాకులు, పావురాలు, చిప్స్ కోసం మా వెంటబడిన ఒక కుక్క తప్ప ఏమీ కనపడలేదు. "పిట్టలు యాడున్నాయి నాన్నా?" అని మా వాడు మూతి ముడుచుకున్నాడు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె మాత్రం గేటు పక్కన వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుండిపోయింది. మేం తిరిగొచ్చేసరికి పసుల పోలిగాడు, లకుముకి, పికిలిపిట్ట, ఉడతను తరుముతున్న గోరింకల జంట, అన్నీ ఆమె ఖాతాలో ఉన్నాయి.

ఈ మార్గదర్శిలో ఉన్నదంతా ఆ బెంచీ దగ్గర నేర్చుకున్నదే. తక్కువ తిరగాలి, ఎక్కువ కూర్చోవాలి. అలాగని ఏ టైముకైనా, ఎక్కడైనా కూర్చుంటే సరిపోదు కాబట్టి ఒక్కొక్కటీ వరసగా చెప్తాను.

మొదటి మెట్టు: రోజు, వేళ

మన జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు, కాలవలు నిండుతాయి. ఉత్తరాది నుంచి, మధ్య ఆసియా వైపు నుంచి వలస పిట్టలు దిగేదీ అప్పుడే. అందుకే నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఇంట్లోనే ఉండండి. వాన వెలిసిన మర్నాడు మాత్రం వదలొద్దు. రెక్కలు ఆరబెట్టుకోడానికి పిట్టలన్నీ కొమ్మల చివరలకు వచ్చి కూర్చుంటాయి.

వేళ విషయంలో బేరాల్లేవు. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు ఆరున్నరకు అటూఇటూగా వస్తాడు. అప్పటికి మీరు పార్కులో ఉండాలి. ఎనిమిదిన్నరకల్లా పిట్టల సందడి సగం తగ్గిపోతుంది. పొద్దున లేవలేం అనుకుంటే సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా రెండో అవకాశం. గూళ్లకు చేరే కొంగల బారులు కనిపించేది అప్పుడే. ఎండాకాలంలో కూడా చూడొచ్చు, కోకిల అరుపులు అప్పుడే ఎక్కువ. కానీ ఏడున్నర దాటితే మన ఎండకు పిట్టలూ నిలవవు, మనమూ నిలవం.

రెండో మెట్టు: చోటు ఎంచుకోవడం

పార్కు అందంగా ఉంటే చాలదు. టైల్స్ పరిచి, గడ్డి కత్తిరించి, రంగురంగుల బొమ్మలు పెట్టిన పార్కులో పిట్టకు తినడానికి ఏముంటుంది? పాత చెట్లున్నాయా చూడండి. వేప, రావి, మర్రి, కానుగ, నిద్రగన్నేరు లాంటివి. రావి, మర్రి పండ్లు పండినప్పుడు ఆ ఒక్క చెట్టు కిందే మీకు పొద్దు గడిచిపోతుంది. ఎండిన కొమ్మలు కొట్టేయకుండా ఉంచిన పార్కయితే ఇంకా మంచిది. తోటమాలి బద్ధకస్తుడైతే పిట్టలకు పండగే.

నెల్లూరులో ఉన్నవాళ్లకు నా సలహా ఏమంటే, మీ ఇంటికి దగ్గర్లో చెట్లున్న పార్కులో ఒక గంట, తర్వాత స్వర్ణాల చెరువు గట్టు మీద ఒక గంట. బారాషహీద్ దర్గా ఉన్న చెరువు అదే. రొట్టెల పండగ రోజుల్లో అక్కడ ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు, ఆ వారం వదిలేయండి. చెట్ల పిట్టలు పార్కులో, నీటి పిట్టలు చెరువులో. ఒకే పూట రెండు లోకాలు చూపిస్తే పిల్లకాయలకు విసుగు రాదు.

మూడో మెట్టు: ముందురోజు రాత్రి పని

బట్టలు: ఆకుపచ్చ, మట్టి రంగు, బూడిద రంగు, ఏవైనా పాతవి. తళతళలాడే తెలుపు, ఎరుపు వద్దు. దోమలకోసం నిండు చేతులు. చెప్పులకన్నా బూట్లు నయం, చెరువు గట్ల మీద గడ్డిలో ఏముంటుందో చెప్పలేం.

తిండి: చప్పుడు చేయనిది. ఇది తమాషాకు చెప్పడం లేదు. చిప్స్ ప్యాకెట్ చించిన శబ్దానికి పికిలిపిట్టలు లేచిపోవడం నేను కళ్లారా చూశాను. మేం స్టీలు డబ్బాల్లో కారప్పొడి అద్దిన ఇడ్లీలో, పులిహోరో తీసుకుపోతాం. మనిషికో నీళ్ల బాటిల్. బయల్దేరే ముందు అందరూ బాత్రూముకు వెళ్లి రావాలి. ఆ మాట ఇక్కడ రాయడం ఎబ్బెట్టుగా ఉన్నా, మా టూర్లు సగంలో ఆగిపోయింది ఎక్కువగా దానివల్లే.

ఒక చిన్న నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు. ఫోన్లో మెర్లిన్ అనే ఆప్ వేసుకోండి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధనశాల వాళ్లది, ఉచితం. మన దేశపు పక్షుల ప్యాక్ ఇంట్లో వైఫై మీదే దించుకుంటే పార్కులో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. పిట్ట అరుపు విని పేరు చెప్తుంది కూడా. ఒక్కోసారి తప్పు చెప్తుంది, కంటితో చూసి ఖాయం చేసుకునేదాకా నమ్మొద్దు. పైగా ఫోన్ పిల్లల చేతికిస్తే చెట్టు వైపు తలెత్తరు. అది పెద్దవాళ్ల జేబులోనే ఉండాలి.

ఇక బైనాక్యులర్. మొదటిసారికి కొనొద్దు, ఎవరినైనా అడిగి తీసుకోండి. కొనేటప్పుడు దాని మీద 8×42 అని ఉన్నది చూడండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందువైపు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అద్దం పెద్దదైతే తెల్లవారుజాము వెలుతురులోనూ బొమ్మ తేటగా ఉంటుంది. 10 రెట్లది ఇంకా బాగుంటుందని షాపువాళ్లు అంటారు గానీ, చెయ్యి వణికితే ఆ వణుకూ పది రెట్లవుతుంది. పిల్లలకు, పెద్దవాళ్లకు 8 చాలు.

దాన్ని వాడటం ముందురోజు మేడ మీద నేర్పండి. దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు మీది అక్షరాలో, సెల్ టవరో చూపించండి. ఎదురింటి కిటికీ వైపు తిప్పొద్దు, మాకు ఆ గొడవ ఒకసారి అయింది. ముందు రెండు గొట్టాల్నీ కళ్ల దూరానికి సరిపడా మడిచి, రెండు గుండ్రాలు ఒకే గుండ్రంగా కనిపించేలా చేసుకోవాలి. తర్వాత కుడికన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమకంటికి బొమ్మ తేటపడేలా చేయాలి. ఆపైన ఎడమకన్ను మూసి, కుడి గొట్టం దగ్గర ఉండే చిన్న రింగు తిప్పి కుడికంటికి సరిచేసుకోవాలి. అంతే, ఆ రింగును ఇక ముట్టుకోవద్దు, మిగతాదంతా మధ్య చక్రంతోనే. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి నొక్కేయాలి.

అసలు కిటుకు ఇంకోటుంది. పిట్ట కనిపించగానే పిల్లలు తల దించి బైనాక్యులర్ వెతుక్కుంటారు, తలెత్తేసరికి పిట్ట ఎక్కడుందో మర్చిపోతారు. చూపు పిట్ట మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరకు తెచ్చుకోవాలి. సూర్యుడి వైపు ఎప్పుడూ చూడకూడదు, కళ్లు పోతాయి. ఇది మాత్రం గట్టిగా, భయపెట్టయినా సరే, చెప్పండి.

నాలుగో మెట్టు: మొదటి ఇరవై నిమిషాలు

పార్కులోకి అడుగుపెట్టగానే ఎక్కడికీ పోవద్దు. సూర్యుడు వీపు వెనక ఉండేలా ఒక బెంచీ చూసుకుని కూర్చోండి. మీరు వచ్చిన అలికిడికి పిట్టలు దాక్కుంటాయి. ఐదు పది నిమిషాలు గడిస్తే మిమ్మల్ని కూడా బెంచీలో భాగమే అనుకుని మళ్లీ బయటికొస్తాయి. ఈ ఇరవై నిమిషాలు పిల్లల్ని కళ్లు మూసుకుని వినమనండి. ఒక్కో కొత్త అరుపుకు ఒక్కో వేలు మడవాలి. మా పాప ఒకసారి ఏడు వేళ్లు మడిచింది, అందులో ఒకటి పాలవాడి బండి హారన్.

ఎవరైనా పిట్టను చూస్తే "అదిగో, అదిగో!" అని చెయ్యి చాపి అరవకూడదు. చెట్టును గడియారం అనుకుని, "మధ్య చెట్టు, రెండు గంటల దగ్గర, ఎండుకొమ్మ" అని మెల్లగా చెప్పాలి. గడియారం రాని పిల్లలకు గడియారం కూడా వచ్చేస్తుంది.

ఐదో మెట్టు: గుర్తుపట్టడం

రంగుతో మొదలుపెట్టొద్దు. ఎండ పడే తీరును బట్టి రంగు మోసం చేస్తుంది. ముందు సైజు: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, గద్దంతా? ఈ నాలుగు కొలతలు మనకు పుట్టుకతో తెలుసు. తర్వాత ముక్కు: గింజలు కొరికే పొట్టి ముక్కా, చేప పట్టే బాకులాంటి ముక్కా, తేనె తాగే వంపు సూదా? ఆ తర్వాత తోక, అది ఏం చేస్తోంది. రంగు చివర్లో.

మన పార్కుల్లో దాదాపు ఖాయంగా కనపడే వాళ్లను పరిచయం చేస్తాను.

గోరింక అందరికీ తెలుసు. కంటి చుట్టూ పసుపు తోలు, ఎగిరితే రెక్కల్లో తెల్ల మచ్చలు. పికిలిపిట్ట నల్లటి తల మీద చిన్న కుచ్చు పెట్టుకుని, తోక మొదట్లో ఎర్రటి మచ్చతో ఉంటుంది. జంటగా తిరుగుతుంది.

పసుల పోలిగాడు నా అభిమాన నాయకుడు. నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర చేపతోకలా చీలి ఉంటుంది. గేదెల వీపుల మీద సవారీ చేసేది ఇదే. గేదె నడిచినప్పుడు గడ్డిలోంచి లేచే పురుగుల కోసం ఆ సవారీ. తన గూటి దగ్గరికి వస్తే కాకినీ, గద్దనీ కూడా తరిమితరిమి పొడుస్తుంది. అది చూస్తే పిల్లకాయలు ఈలలు వేస్తారు, ఆపడం కష్టం.

లకుముకి అంటే నీళ్ల దగ్గరే ఉంటుందని అనుకుంటాం. తెల్లటి గొంతు, చాక్లెట్ రంగు తల, నీలి వీపు, ఎర్రటి పెద్ద ముక్కు ఉన్న లకుముకి కరెంటు తీగల మీద, పార్కు కంచెల మీద కూర్చుని మిడతల్నీ బల్లుల్నీ పట్టుకు తింటుంది. నీళ్ల మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా దూకే నలుపుతెలుపు లకుముకి వేరు. దాన్ని చెరువు దగ్గర వెతకండి.

కోకిల అరిస్తే "ఆడకోకిల పాడుతోంది" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. కుహూ అని పాడేది మగది. నల్లగా, ఎర్రటి కళ్లతో ఆకుల్లో దాక్కుంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, రెండూ ఒకే జాతి అంటే పిల్లలు నమ్మరు. కాకి గూట్లో గుడ్లు పెట్టే కథ చెప్పడానికి అదే మంచి సమయం. కోకిల కాదు, కాకి కాదు, నల్లటి ఒంటికి ఇటుకరంగు రెక్కలతో నేల మీద పొదల్లో దొరబాబులా నడిచేది కనిపిస్తే అది జెముడుకాకి.

రామచిలుకల్లో మగదాని మెడకు గులాబీ రంగు గీత ఉంటుంది, ఆడదానికి ఉండదు. 2018లో దీన్ని మన రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. "మనమూ ఒకటి తెచ్చి పెంచుకుందాం" అని పిల్లలు తప్పక అడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడం నేరం అని అక్కడే చెప్పేయండి.

పాలపిట్టను దసరా రోజు చూసి దండం పెడతాం, మిగతా 364 రోజులు పట్టించుకోం. తీగ మీద కూర్చుంటే మట్టిరంగులో సాదాగా ఉంటుంది. లేచిందంటే రెక్కల్లోంచి రెండు నీలాలు విచ్చుకుంటాయి. కూర్చున్నప్పుడు చూపించి, "ఎగిరేదాకా చూపు తిప్పొద్దు" అని పందెం కట్టండి.

చిన్నదనానికి తేనెపిట్ట. మందారం, నూరువరహాల చెట్ల దగ్గర చూడండి. బొటనవేలంత ఒళ్లు, వంపు ముక్కు. మగది ఎండలో ఊదా, ఆకుపచ్చ మెరుపులు మెరుస్తుంది. ఆకాశంలో తెల్ల తల, ఇటుకరంగు ఒంటితో తిరిగే గద్ద గరుడపక్షి. మా అమ్మ దాన్ని చూస్తే బైనాక్యులర్ పక్కన పెట్టి ముందు చేతులు జోడిస్తుంది.

పేర్ల గురించి ఒక మాట. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ అనే దొరకు పిట్టల పిచ్చి. తర్వాత రాసిన పుస్తకాల్లో ఎన్నో పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. 1900 తర్వాత కనపడకుండా పోయి, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. అలాంటి తెలుగు పేర్లు మన ఇళ్లల్లో అవ్వల నోట ఇంకా ఉన్నాయి. అందుకే ఈ ప్రయాణానికి అవ్వనో తాతనో తప్పకుండా తీసుకుపోండి. వాళ్లు చెప్పిన పేరు ఆప్‌లో ఉన్నా లేకపోయినా నోటుబుక్కులో రాసుకోండి.

ఆరో మెట్టు: చెరువు గట్టు

ఎనిమిది కాకముందే పార్కు నుంచి లేచి చెరువుకు రండి. టిఫిన్ అక్కడే.

ముందు కొంగల లెక్క తేల్చండి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలకు మాత్రం పసుపు సాక్సులు తొడిగినట్టుంటే చిన్న తెల్లకొంగ. ముక్కు పసుపు, మెడ పొట్టి, పశువుల వెనక తిరుగుతుంటే పశువుల కొంగ. నాట్లకు ముందు దమ్ము చేసే ట్రాక్టర్ వెనక మూగేవాటిలో ఇవే ఎక్కువ. ఒడ్డున మట్టిముద్దలా కదలకుండా నిలబడి, దగ్గరికి పోయేదాకా లేవకపోతే అది గుడ్డికొంగ. గుడ్డిదేం కాదు, మనకు కనపడనని దాని ధీమా. లేచినప్పుడు ఉన్నట్టుండి తెల్లటి రెక్కలు బయటపడతాయి.

కర్ర మీద రెక్కలు చాపి నల్లగా నిలబడ్డది నీటికాకి. దాని ఈకలు నీళ్లను పీల్చుకుంటాయి. లోతుకు మునగడానికి అది సాయం, పైకొచ్చాక మాత్రం ఇలా ఆరబెట్టుకోక తప్పదు. బుడుంగున మునిగి ఎక్కడో తేలే బుల్లి బాతులాంటిది మునుగుడుకోడి. ఎక్కడ తేలుతుందో ముందే చెప్పే ఆట మా ఇంట్లో బాగా నడుస్తుంది, గెలిచినవాళ్లకు అదనంగా ఒక ఇడ్లీ. గట్టు మీద కాళ్ల దగ్గరే లేచి గొడవగా అరుస్తూ తల మీద తిరిగితే అది తీతువు. అపశకునం అని కసురుకోకండి. నేల మీద గుడ్లు పెడుతుంది కాబట్టి మిమ్మల్ని అక్కడి నుంచి పొమ్మంటోంది. చూసి అడుగులేస్తూ వెనక్కి రండి.

నీళ్ల దగ్గర పిల్లల చెయ్యి ఒక పెద్దమనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి బైనాక్యులర్ పట్టుకోకూడదు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరు పెద్దలు. గుర్రపుడెక్క పరుచుకున్న చోట అది నేలలా కనపడుతుంది, జాగ్రత్త.

ఏడో మెట్టు: విసుగు, అల్లరి, మర్యాద

ఆరేళ్ల లోపు పిల్లలు గంటకు మించి ఓపిక పట్టరు. వాళ్లకు రాలిన ఈకలు, పురుగులు, చెట్టుబెరడు చూపించండి, అదీ పిట్టల కథలో భాగమే. ఈకను చూసి అక్కడే వదిలేయమనండి. పదేళ్ల వాళ్లకు లెక్క అప్పజెప్పండి: గోరింకలెన్ని, కొంగలెన్ని. చూసిన రకాల సంఖ్య కోసం అన్నాచెల్లెళ్ల మధ్య పోటీ పెట్టకండి. మేం పెట్టి చూశాం, మా వాడు చెరువు మీద హంసలు కనిపెట్టడం మొదలుపెట్టాడు.

బ్రెడ్డు, మిక్చర్ వేయొద్దు. గూడు కనిపిస్తే దగ్గరికి పోవద్దు, ఫొటో కూడా వద్దు. మీరు నిలబడ్డ చోటుకే కాకి చూపు పడుతుంది, మీరు పోగానే అది గూటి మీద వాలుతుంది. ఫోన్లో పిట్ట అరుపు పెట్టి పిలవడం ఇప్పుడొక ఫ్యాషన్. తన చోటుకు ఇంకో మగది వచ్చిందని పిట్ట కంగారుపడి, తిండి మానేసి వెతుక్కుంటుంది. ఫొటో కోసం దానికి అంత టెన్షన్ పెట్టడం న్యాయం కాదు.

ఎనిమిదో మెట్టు: ఇంటికొచ్చాక

అదే రోజు, అన్నాలు తిని పడుకోకముందే, జాబితా సరిచూసుకోండి. అనుమానం ఉన్నవాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి పేరు రాయొద్దు. తేదీ, వేళ, చోటు, ఎన్ని కనిపించాయో ఈబర్డ్ ఆప్‌లో ఎక్కిస్తే అది పరిశోధకులకూ పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. ఒకచోట 15 నిమిషాలు కూర్చుని లెక్కపెట్టినా చాలు, మేడ మీద నుంచైనా సరే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు నవంబరు 12, మన సీజన్ మొదలుపెట్టడానికి మంచి ముహూర్తం.

తర్వాత ఎటు?

పార్కు నాలుగైదు సార్లు చూశాక, కొంగకూ కొంగకూ తేడా పిల్లలు చెప్పడం మొదలుపెట్టాక, నేలపట్టు తీసుకుపోండి. అంతకుముందే తీసుకుపోతే "పెద్ద తెల్ల పిట్టలు చూశాం" అని మాత్రమే వాళ్లకు గుర్తుంటుంది. చెన్నై వెళ్లే హైవేలో నాయుడుపేట దాటి, దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకు ఇంకా మన నేలపట్టే. చెరువులో నీళ్ల మధ్య నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. ఆ చెట్ల మీదే నత్తలు తినే కొంగలు, నీటికాకులు కూడా. పులికాట్ సరస్సు వైపు వేటకు పోయి చేపలతో తిరిగొస్తాయి. డిసెంబరు, జనవరిలో పోతే గూడబాతు పిల్లలు తల్లి గొంతులోకి తలంతా దూర్చి తినడం వాచ్ టవర్ మీద నుంచి కనపడుతుంది. రాజహంసలు (ఫ్లెమింగోలు) చూడాలంటే ఇంకాస్త ముందుకు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు. ఆ రోడ్డుకు రెండు వైపులా పులికాట్ నీళ్లే.

నేలపట్టుకు ఏడుకల్లా చేరాలంటే నెల్లూరులో ఐదుకు ముందే బయల్దేరాలి. ఇడ్లీపిండి రాత్రే పులియబెట్టుకోండి. అవ్వకు ముందు సీటు, కిటికీ పక్కన. పొలాల మీద తెల్లవారుతుంటే తీగల మీద కూర్చున్న పిట్టల పేర్లు దారి పొడుగునా ఆమే చెప్తుంది.